రేటు కార్డు

అట్టముక్క మీద నీలం పెన్నుతో రాస్తా ఉండా.
పెళ్ళి, అరపూట: ఎనిమిది వేలు.
కొట్టేసినా. ఏడున్నర.
దాన్నీ కొట్టేసి మళ్ళా ఎనిమిది.
పాకాల స్టేషనెదురు టీకొట్టులో
గ్లాసు అడుగు మచ్చ ఎనిమిది పక్కన ఇంకో సున్నాలా పడింది.
దాన్నొక్కదాన్నే కొట్టేయబుద్ధి కాలా.

"గాల్లో పది నిమిషాలు తిప్పేదానికి ఇంతా?"
రేణిగుంట రోడ్డులో ప్లాట్లమ్మే భక్తవత్సలం అంటాడు,
"మా అల్లుడి దగ్గరా ఉండాది అట్లాంటి బొమ్మ."
బొమ్మే సార్.
మూడేండ్లు కంతులు కట్టే బొమ్మ.
ఇరవై రెండు నిమిషాల ప్రాణం ఒక్కో బ్యాటరీకి.
విమానాల దగ్గరైతే
ఇది ఎగిరే ముందు కాగితాలు ఎగరాల.
పోయిన ఆషాఢంలో గద్ద ఒకటి
తన ఆకాశంలో ఇదెవురని తన్నింది.
కోపం దానిది, రెక్క ఖర్చు నాది.
కొండ దిక్కుకు మాత్రం ఎంతిచ్చినా లేపను.
ఆ లైనుకు రేటు లేదు.

మా అక్క దేవసేన జాకెట్లు కుడతాది.
లైనింగుది నాలుగొందలని తలుపు మీద సుద్దముక్కతో రాసింది,
ఎవురూ బేరమాడరు.
ఎట్లక్కా అంటే
"కుట్టేది గంటే రా.
పట్టుగుడ్డలో కత్తెర పెట్టే ముందర
ఊపిరి బిగబట్టేది ఉండాదే, దానికి తీసుకుంటా."
తాళి కట్టేటప్పుడు మూడొందల తలకాయల పైన
నాలుగు కత్తులు గిరగిరా తిరగతా ఉంటే
నా రెండు బొటనవేళ్ళూ ఊపిరి బిగబట్టే ఉంటాయి.
అది రాద్దామంటే అట్టలో చోటు చాల్లా.

కాయల కాలం. గుజ్జు ఫ్యాక్టరీ వాళ్ళు పిలిచినారు,
పై దేశాల్లో కొనేవాళ్ళకు రెండు నిమిషాల వీడియో.
ఇరవై వేలంటే మాట్లాడకుండా సగం చేతిలో పెట్టినారు.
అప్పుడు పట్టుకునింది దిగులు, తక్కువ చెప్పినానా అని.

లేపినా.
రేకుల కప్పు, ఆవిరి గొట్టాలు, కాయలు కడిగే తొట్లు,
గేటు బయట
చిత్తూరు రోడ్డు మలుపు దాకా ట్రాక్టర్లు.
పైనుంచి పచ్చపూసల దండ.
కిందికి దించితే పూసకొక మనిషి,
టార్పాలిన్ నీడలో, చక్రాల సందులో, మూడో రోజు.

బ్యాటరీ మారుస్తా ఉంటే ఒకాయన వచ్చినాడు,
చెంగల్రాయులు, ఐరాల పక్కనంట.
"దీన్ని తిప్పితే నీకెంతిస్తారబ్బోడా?"
చెప్పినా.
"ఆ అంకె ఎవురు చెప్పింది, వాళ్ళా నువ్వా?"
"నేనే."
తోతాపురి కాయొకటి తీసి నా చేతిలో పెట్టినాడు,
తొడిమ కాడ సొన ఇంకా ఆరలా.
"నలభై ఏండ్లు పండించినా.
నా నోటితో అంకె చెప్పింది ఒక్కసారీ లేదు నాయనా.
గేటు లోపల చెప్తారు, తల ఊపతా.
ఎట్ల చెప్పాల? గొంతు పెంచాల్నా, మామూలుగానా?"

"మొహం చూడకుండా చెప్పాల" అన్నా.
నేను చేసేది అదే.
ఆయన పక్కకు తిరిగి ట్రాక్టరు టైరుతో అన్నాడు,
"కిలో పన్నెండు."
ఇంకోసారి, రొవంత గట్టిగా, "పన్నెండు."
టైరు బేరమాడలా.

పొద్దుగూకినాక మేనేజరు ఫోను.
"బాగొచ్చిందప్పా. ఆ ట్రాక్టర్ల లైను మాత్రం తీసేయ్,
రోడ్డు ఖాళీగా కనపడాల.
దానికి వేరేగా ఎంతో చెప్పు."

వీడియో ఆపి లెక్కబెట్టినా.
నూట పద్నాలుగు ట్రాక్టర్లు.
ట్రాక్టరుకు నాలుగు టన్నులు, కిలో పన్నెండు.
అట్టముక్క వెనక గుణకారం చేసినా,
సొనంటిన వేలు మండతా ఉంది.
"యాభై నాలుగు లక్షల డెబ్బై రెండు వేలు సార్."
గొంతు పెంచలా. మామూలుగానే.

మిగిలిన పదివేలు ఇంతవరకూ రాలా.
కార్డులో ఆఖరి లైను మార్చినా:
అడ్వాన్సు సగం కాదు, మొత్తం.