సోకు

మామిడి మండీ మూలమీద బాబ్జాన్ టీ అంగడి.
వాన ఇప్పుడే నిలిచింది. రేకుల అంచున ఇంకా నాలుగు చుక్కలు
పడాలా వద్దా అని యోచన చేస్తాండాయి.
మొగిలీశ్వరుడు మొదలుపెట్టినాడు, ఎప్పట్లాగే:
"మన నీవా క్లబ్బులో సోకుగాడంటే ఎవుర్రా?
గోల్స్ లెక్క నాకొద్దు. సోకు. సోకు చెప్పండి."

"అమీర్‌జాన్" అన్నాడు ఏకాంబరం, గ్లాసు కింద పెట్టకముందే.
పెనాల్టీకి పోతా పోతా గోలీని పలకరిస్తాడంట,
"అన్నం తిన్నావాన్నా?" అని.
తిన్నానని ఆయన తల ఊపేలోపల
బంతి వలలో పండుకోనుంటాది.
"అది సోకు కాదబ్బా, మోసం" అన్నాడు దేవసహాయం.
"మోసం నువ్వు చేస్తే మోసం. వాడు చేస్తే
మోసపోయినోడు గూడా నవ్వుకుంటా ఇంటికి పోతాడు."

మరి గురవరాజు?
చక్కెర ఫ్యాక్టరీ గురవరాజు. గాల్లోకి లేస్తే
దిగాలనే సంగతి మరిచిపోయే మనిషి.
పూతలపట్టోళ్ళ మీద ఆ హెడ్డింగు కొట్టి దిగేటప్పటికి
సగం జనం ఇండ్లకు పోయినారని
దేవసహాయం ప్రమాణం చేస్తాండాడు.

"ఎడంకాలి జ్ఞానం" అన్నాడు మొగిలి, మెల్లిగా.
అంగడి ఒక్క రవ్వ నిమ్మళించింది.
జ్ఞానప్రకాశం. ప్రెస్సులో అచ్చులు పేర్చే పిల్లోడు.
బూట్లు ఎవురివో, రెండు సైజులు పెద్దవి,
ముందర పాత పేపరు కుక్కుకోని ఆడేవాడు.
"ఎట్ల తిప్పేవాడో చూపిస్తా ఉండండి" అని
మొగిలి లుంగీ ఎగ్గట్టి, గంపలో తోతాపురి కాయ తీసి
తడి రోడ్డు మీద పెట్టినాడు.
అరవై రెండేండ్ల మోకాలు ఒక దిక్కు, కాయ ఒక దిక్కు.
కాయ పోయి లారీ కిందికి దూరింది.
కృష్ణగిరి డ్రైవరు అరవంలో తిట్టినాడు, బాగా తిట్టినాడు.

నన్నెవరూ అడగరు.
నేను ఆడినోణ్ణి కాదు. గీత పక్కన జెండా పట్టుకున్నోణ్ణి.
ముప్పై ఒక్క ఏండ్లుగా నా పేరే జెండా,
అసలు పేరు రేషన్ కార్డులో ఉండాది.

రేణిగుంట రైల్వే టీముతో ఫైనలు. మెసానికల్ గ్రౌండు.
పొద్దు వాలతా ఉంది. వరదుడు బంతి అందించినాడు.
జ్ఞానం ముగ్గుర్ని దాటినాడు. దాటినాడనకూడదు,
పెండ్లి మెరవణికి దారి ఇడిసినట్టు
వాళ్ళే పక్కకు తొలిగినారు.
నాలుగోవాడు కాలు చాపితే
బంతి ఆ కాలు ఎక్కి, అవతలికి దిగింది,
ఇంటిముందర మెట్టు ఎక్కి దిగినట్టు.
గోలు.
ఊరంతా లేచింది.
నా చెయ్యి గూడా లేచింది.
చేతిలో జెండా ఉంది.

రెఫరీ విజిలేసి నా దగ్గరికి ఉరికొచ్చినాడు:
"ఆఫ్‌సైడా? ఇంతసేపూ ఏం చేస్తా ఉంటివి?"
"చూస్తా ఉంటి" అన్నాను.
అదొక్కటే ఆ పొద్దు నేను చెప్పిన నిజం.

కప్పు రేణిగుంటకు పోయింది.
రైల్వే వాళ్ళు నాకు పాసు రాసిచ్చినారని ఒకరు,
కాదు, రెండు మూటల బియ్యమని ఒకరు.
జ్ఞానం మాత్రం బంతిని అంగీకి తుడిచి
నా చేతికిచ్చి, నా మొగం చూసినాడు.
నా మొగాన నవ్వు ఇంకా ఆరలేదు అప్పటికి.
"బాగా ఎత్తినావన్నా" అని పోయినాడు.
ఏమనుకోని అన్నాడో
ఇప్పటికీ తెల్లారుజామున లేచి యోచన చేస్తాను.

"ఆఫ్‌సైడే గదా జెండా, నిజం చెప్పు?"
"ఆఫ్‌సైడే."
"చూస్తిరా!" అన్నాడు ఏకాంబరం.

సరే, చేతులెత్తి తేలుద్దామన్నారు.
అమీర్‌జాన్‌కు రెండు. గురవరాజుకు ఒకటి,
బాబ్జాన్ గరిటె గూడా లెక్కేస్తే రెండు.
"ఎడంకాలి జ్ఞానానికి?" అని
మొగిలి ఒంటి చెయ్యి పైకెత్తి అందర్నీ చూస్తాండాడు.
నేను గ్లాసును రెండు చేతుల్తో పట్టుకున్నాను.
టీ అయిపోయి శానాసేపయింది.