అందరికన్నా వెనక

నా ఉద్యోగం చివర ఉండడం.
ముందు ఎర్రజెండా కట్టిన సైకిలు మీద గైడు కొర్నేలిస్,
మధ్యన తొమ్మిదిమంది అతిథులు,
ఆ తర్వాత నేను.
నా వెనక వ్యాను.
అందులో ఐసు, అరటిపళ్లు, రెండు స్పేరు చక్రాలు,
నిద్రలోనే గేరు మార్చే తోబియాస్.

నాకన్నా వెనకబడ్డవాళ్లు వ్యానెక్కాలి. అదీ నియమం.
అంచేత
నేనెంత మెల్లగా తొక్కగలనో
నాలో అంత దయ ఉన్నట్టు.

రూతెంగ్‌లో తెల్లారేసరికి పొగమంచు.
ఫ్లోరెస్ దీవిలో చలేమిటని వచ్చినవాళ్లు
హోటలు తువాళ్లు మెడకి చుట్టుకున్నారు.
కొండమీంచి సాలెగూడు పొలాల్ని ఫొటో తీశారు.
నడిమధ్య గుంజ దగ్గర వేళ్లతో కొలిచి
ఇంటికింత అని కోసిచ్చిన చీలికలవి.
కొర్నేలిస్ తాతకి దక్కింది బొటనవేలి వెడల్పు.
ఆ సంగతి అతను ఇంగ్లీషులో చెప్పడు.
బ్యూటిఫుల్ అంటే తనూ బ్యూటిఫుల్ అంటాడు.

మూడోరోజుకి చివర మిగిలింది ఆగ్నెతె.
డెన్మార్కులో ముప్పయ్యేళ్లు వంతెనలు తనిఖీ చేసిందట.
ఇక్కడా మానలేదు. ఏ వంతెనొచ్చినా దిగి,
కమ్మీని ఉంగరంతో కొట్టి, చెవి ఆనించి వింటుంది.
"ఇది ఇంకో ఇరవయ్యేళ్లు" అంటుంది.
ఒకచోట ఏమీ అనలేదు.
దాన్ని సైకిళ్లు దిగి నడిపించుకుంటూ దాటాం.
తోబియాస్‌కి చెప్పలేదు.

బజావా దాటాక దారి సముద్రంవైపు జారింది.
మోచేతులదాకా బ్రేకుల నొప్పి,
పొడుచుకుని తెరుచుకునే చెవులు.
రోడ్డుకి ఒక పక్కంతా ఆరబోసిన లవంగాలు,
మిగిలిన సగమే మాకు.

నీలిరాళ్ల తీరంలో భోజనం.
నీళ్లంచున ఆడవాళ్లు వంగి ఏరుతున్నారు:
నీలానివి ఒక కుప్ప, పచ్చవి ఒక కుప్ప,
ఏ రంగూ తేల్చుకోలేనివి ఇంకోటి.
బస్తాలు నిండితే లారీ వస్తుంది.
ఎక్కడో ఎవరి స్నానాలగదికో అవి నేలవుతాయి.
మా పెద్దమ్మ మెక్తిల్దిస్ కుప్ప ఏదో నాకు తెలుసు.
ఆగ్నెతె అందులోంచే ఒకటి తీసి, అలలో కడిగి,
జేబులో వేసుకుంది.
సముద్రం ఒడ్డున రాయి ఎవరిదని అడుగుతారెవరైనా?

నేను నోరు మెదపలేదు.
జీతం తీసుకునేవాడి మౌనాన్ని
పద్నాలుగు కిలోమీటర్లు తొక్కాను.

ఆ తర్వాతి వంతెనని ఉంగరంతో కాక
ఆ రాయితో కొట్టింది.
విందామని వంగినది వినలేదు, అరచేతిలోకి చూసింది.
"ఇంత నున్నగా, అన్నీ ఒకే కొలతలో, ఒకేచోట…
అది కుప్ప కదూ?"
"మా పెద్దమ్మది" అన్నాను.

హ్యాండిల్ వెనక్కి తిప్పేసింది.
అంతే, వరసంతా తిరగబడింది.
వ్యాను అందరికన్నా ముందు, దాని వెనక నేను,
నా వెనక ఆమె.
అలవాటు కొద్దీ ఆగాను, దాటిపోనిద్దామని.
అయిదురోజులుగా అందరికీ వెనకబడ్డ మనిషి
పెడళ్ల మీద నిలబడి పోయింది.

పెద్దమ్మ రాయిని తిప్పి చూసి గోటితో గీసింది.
"బీటుంది దీనికి. నేనే పారేద్దామనుకున్నా."
నవ్వి, సముద్రంలోకి విసిరేసింది.

ఆగ్నెతె కాసేపు అలలకేసి చూసింది.
తర్వాత బూట్లు విప్పి తడి అంచున కూచుంది.
ఒక రాయిని ఇంకో రాయితో కొట్టడం, వినడం,
పలికినవి బుట్టలో, పలకనివి నీళ్లలో.
పెద్దమ్మ ఆమెకేసి ఓసారి, నాకేసి ఓసారి చూసి
తన పనిలో పడింది.
చీకటి పడేసరికి సగం బుట్ట అయింది.

తోబియాస్ వెనక నుంచి లైటు పట్టగా
ఎండె చేరేసరికి అందరి భోజనాలూ అయిపోయాయి.
కొర్నేలిస్ రిజిస్టరు తెరిచాడు.
ఆలస్యం: నాలుగు గంటలు.
కారణం దగ్గర పెన్ను ఆపి నావైపు చూశాడు.

"రాయి" అన్నాను.
రాశాడు.