ముదురుపాకం

స్ఫాక్స్ పాతకోట గోడ వెనక సందులో
మూడు కుర్చీల కొట్టు నాది.
పొద్దున్నే కిలో పంచదార, రెండు నిమ్మకాయల రసం, గ్లాసుడు నీళ్ళు.
తీగపాకం దాటనిచ్చి
ఉండపాకానికి ఒక్క ఊపిరి ముందు దించాలి.
పదకొండేళ్ళుగా ఈ ఊరి ఆడవాళ్ళ నూగంతా
ఈ తీపితోనే పీకుతున్నాను.

పాకం అదును చూడ్డానికి
చెంచా అంచు తుడిచి వేలు నాలిక్కి రాసుకోవడం అలవాటు.
రోజుకి ఎన్నిసార్లో! ఎవరు లెక్కెట్టారు?

నా గడ్డం సంగతి నాకొక్కదానికే తెలుసు.
కొట్టు తెరవకముందే గడియ బిగించి, అద్దంలోకి వంగి,
నా పాకం, నా గడ్డం, నా నోట్లో కుక్కుకున్న తువ్వాలు.
పక్క కుట్టుమిషను మన్నూబియాకి కూడా చెప్పలేదు.

ఇక నెలలు.
మొదటిసారి నెల తప్పితే మా అత్త బాదంపప్పు నానబెట్టింది.
రెండోసారి ఊరుకుంది.
అయిదోసారికి ఇంట్లో ఎవరూ వేళ్ళు మడవలేదు.
తప్పిన నెలలన్నీ ఎటు తప్పిపోయాయో
పొట్ట మీద చెయ్యేస్తే, అదీ నన్నే అడిగేది.

డాక్టర్ ఇంసాఫ్ తెర మీద వేలు పెట్టి చూపించింది,
అండాశయం అంచున వరసగా నల్ల చుక్కలు.
“తిత్తులంటారు గానీ పిందెలివి.
పండే అదును రాక ఆగిపోయాయి.”
ఆలివ్ తోటల ఊళ్ళో పుట్టాను, పిందె రాలడం ఎరుగుదును.
రాలకా, పండకా, కొమ్మనే పట్టుకుని ఉండిపోవడం
అప్పుడే వినడం.

“మందు రాస్తాను. తిండి మాత్రం నువ్వే రాసుకోవాలి.
తెల్లరొట్టె నెత్తుట్లోకి పరుగెత్తుకొస్తుంది.
దాని వెంట ఇన్సులిన్ పడి పరుగెడుతుంది.
ఆ తొక్కిసలాటలో వీటికి ఊపిరాడదు.
నడిచొచ్చే తిండి తిను.”

నడిచొచ్చే తిండి!
ఆ మాట సంచీలో వేసుకుని బజారంతా తిరిగాను.
బాగెత్, ఉరుకు.
ఖర్జూరం పాకంలో ముంచిన మఖ్రూద్, గుర్రం.
పుదీనా టీ పాపం నెమ్మదస్తురాలే,
అడుగున నాలుగు చెంచాల చక్కెర కొరడా పట్టుకుంది.
సెనగలు నడుస్తాయి. మసూర్ పప్పు నడుస్తుంది.
బార్లీ అయితే మోకాలు పట్టుకుంటూ
ప్రతి గుమ్మం దగ్గరా ఆగి పలకరిస్తూ వస్తుంది.

బార్లీ మాని గోధుమరవ్వ వండిన మొదటి శుక్రవారం
మా అమ్మ కొత్త బట్టలు కట్టుకుందట.
ఇప్పుడు నేను ముతక బార్లీ అడిగితే
దినుసుల ఫర్జల్లా నవ్వాడు.
“గాడిదకా, నీకా?”
“నాకే. రెండు కిలోలు తూచు.”

ముందు కూర, తర్వాత సార్డీన్ చేప, చివర్న గుప్పెడు బార్లీ.
తిన్నాక కోట చుట్టూ ఒక చుట్టు.
వినడానికి ఇంతే. కానీ సాయంత్రం నాలుగున్నరకి
చేతులు వణుకుతాయి, కొట్టంతా చక్కెర వాసన.
రెండో వారంలో ఒకరోజు గరిటెడు పాకం మింగి
కుర్చీలో కూలబడి ఏడ్చాను.
మర్నాడు మళ్ళీ బార్లీ.
వేలు తుడుచుకోవడానికి పొయ్యి పక్కన తడిగుడ్డ.

ఆలివ్ కోతల రోజుల్లో ఒక మంగళవారం,
మన్నూబియా తల వెనక్కి వాల్చి కుర్చీలో ఉంది,
పొయ్యి మీద పాకం తీగ సాగుతోంది,
పొత్తికడుపులో ఎవరో దారం లాగారు.
వెనకగదిలోకి పోయి చూసుకున్నాను.
ఎరుపు.
చెప్పాపెట్టకుండా గుమ్మంలో నిలబడ్డ పాత చుట్టం.
ఏమనాలో తోచక అలాగే చూస్తూ ఉండిపోయాను.

“దలెందా! మాడు వాసన!”

పదకొండేళ్ళలో మొదటిసారి పాకం ముదిరిపోయింది.
నల్లగా, రాయిలా, గరిటె దిగబడిపోయి.

వచ్చే నెల వస్తుందో, మొహం చాటేస్తుందో.
గడ్డం కింద మూడు వెంట్రుకలు ఉండనే ఉన్నాయి.
గిన్నెలో వేణ్ణీళ్ళు పోసి, ఇంకో గిన్నె ఎక్కించి
మన్నూబియా పక్కన స్టూలు లాక్కున్నాను.
“కాస్త ఆలస్యమవుతుంది.
ఈలోగా నా గడ్డం సంగతి ఒకటి చెబుతాను, వింటావా?”