దిక్కు మారని చుక్క

గుంటూరు, బ్రాడీపేట నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు,
మందుల షాపు మీద రెండో అంతస్తు.
సముద్రానికి అరవై కిలోమీటర్లు ఇవతల
రాత్రంతా నేను ఓడల్ని కాస్తాను.

ఓడను దగ్గరగా చూసింది లేదు.
నాకు తెలిసిన ఓడ ఒక ఆకుపచ్చ త్రికోణం,
దాని ముక్కు ముందు సన్నటి గీత.
ఇలాగే పోతే ఆరు నిమిషాలకి ఎక్కడుంటుందో చెప్పే గీత.
పక్కన పేరు, పొడవు, వేగం, పోయే రేవు.
రేవు చాలాసార్లు తప్పే.
పోయిన నెల ఊరిని చెరపడం ఎవరో మర్చిపోయుంటారు.

మలక్కా ఇరుకులో ఈ రాత్రి మూడు వందల పన్నెండు.
శంకర్ విలాస్ వంతెన దగ్గర సాయంత్రం ఆరింటికి
ఆటోలూ, మిర్చి టిక్కీల లారీలూ, స్కూలు బస్సూ
వెంట్రుకవాసిలో తప్పుకోవడం చూస్తూ పెరిగినదాన్ని,
నాకిదేం కొత్త అనుకున్నాను చేరినప్పుడు.
అక్కడ బ్రేకులుండవు.
ఆగాలనుకున్న ఓడ ఆగడానికి రెండు మైళ్ళు కావాలి.

సలోమి నేర్పింది రెండే లెక్కలు:
ఎంత దగ్గరికొస్తాయి,
ఎంతసేపట్లో వస్తాయి.
మిగతాదంతా వాటికి పూసే రంగు.
ఎరుపంటే గుద్దుకున్నట్టు కాదే, అంది,
గుద్దుకోవడానికి ఇద్దరూ ఒప్పుకున్నట్టు.

ఏడాదంతా పోగేస్తే
ఎరుపులు పదకొండు వేల పైచిలుకు.
గుద్దుకున్నవి సున్నా.
మేం అమ్ముకునేది
జరగబోయి జరగనివాటి పట్టిక.

నాంచారయ్య కనబడింది టీ బండి దగ్గర,
తెల్లవారుజామున, కుడిచేతికి పిండికట్టు.
నిజాంపట్నం నుంచి పెద్దాసుపత్రికి వచ్చాడు.
ఏం పని చేస్తావమ్మా అంటే ఫోన్లో చూపించాను.
చాలాసేపు చూశాడు, టీ మీద మీగడ కట్టేదాకా.

"మా అయ్య చెప్పేవోడు.
దూరంగా దీపం కనబడితే
పడవ కొయ్యకి సూటిగా పెట్టి చూడరా అని.
దీపం కొయ్యని ఇడిసి
ముందుకో ఎనక్కో జరిగిందా, నీకేం కాదు.
కొయ్యకే అంటుకొని పెద్దదవతా ఉందా,
ఇంక చూడమాక, తిప్పెయ్."

నాలుగేళ్ళుగా మేం రాసిన కోడు అదే.
ఆయన చెప్పడానికి పట్టింది ఒక గుక్క.

మరి ఇందులో మా పడవేదమ్మా, అన్నాడు.

గుద్దిన ఓడ పేరేంటని అడిగాను.
"చదివే టైమిచ్చిందా?"
శుద్ధ ద్వాదశి, చంద్రుడు కుంకే వేళ,
అంతే తెలుసు.

పైకొచ్చి
ద్వాదశిని తేదీ చేశాను, తేదీని గ్రీనిచ్ టైము చేశాను,
మాకు డబ్బులు రాని నీళ్ళు తెరిచాను.
ఉంది. నూట ఎనభై మీటర్లు, బొగ్గు,
ఉత్తరానికి పోతోంది.
చుట్టూ ఐదు మైళ్ళలో ఇంకో త్రికోణం లేదు.
ఎక్కడున్నానో చెప్పే పెట్టె ఆ పడవలో లేదు,
చెప్పనివాడికి మా లెక్కలో దూరం లేదు,
దూరం లేనిచోట రంగు పచ్చ.
తెర మొత్తం పచ్చగా, వరిచేనంత నిమ్మళంగా.

గీత ఎక్కడా వంగలేదు.
మూడూ ఇరవై ఏడుకి మాత్రం
వేగం పన్నెండు పాయింట్ ఆరు నుంచి
పన్నెండు పాయింట్ నాలుగు.
ఒక్క నిమిషం. మళ్ళీ ఆరు.
ఒరవడి కావచ్చు.

సలోమి వచ్చింది, మిర్చియార్డు ఘాటుకి దగ్గుతూ,
బ్యాగు కుర్చీకి తగిలిస్తూ,
రాత్రి ఏమైనా ఉందా అని అడిగింది.
ఆ నాలుగు మీద వేలు పెట్టి
నేనింకా కూచునే ఉన్నాను.