ఖాళీ బరువు

దామలచెరువు మండీ ముందర
అరవై టన్నుల కాటా నాది.
తోతాపురి కాలంలో కంటికి కునుకుండదు.
లారీ ఎక్కుతుంది, ఎర్రంకె వెలుగుతుంది,
చీటీ చింపి ఇస్తాను.
పదకొండేళ్లుగా నేను చదివింది ఆ అంకెలే.

పక్కన టీ బంకు బల్ల మీద
ఏకాంబరం మామ.
వైమానిక దళంలో ఇరవై ఏళ్లు
హెలికాప్టర్ల కొక్కేలకు సరుకు తగిలించినోడు.
ఆయన లెక్క చెప్తుంటే
నేను లోపల లారీల్లోకి మార్చుకుంటాను.

ఎంఐ పదిహేడు, నాలుగు టన్నులు.
అంటే పులిచెర్ల నాదముని ట్రాక్టరు,
ట్రాలీ అంచు దాకా కాయ.

చినూక్, పది పైచిలుకు.
ముందొక ఫంకా, వెనకొక ఫంకా,
ఒకటి కుడికి తిరిగితే ఇంకోటి ఎడమకి.
"కాపురం మాదిరి" అంటాడు మామ,
"అందుకే బండి బొంగరం కాదు."

ఎంఐ ఇరవై ఆరు, ఇరవై టన్నులు.
ఎనిమిది రెక్కల చక్రం,
ఈ కొస నుంచి ఆ కొసకు నూట అయిదడుగులు.
నా పలకలు రెండు చేర్చినా
అయిదడుగులు బయటే.
ఇరవై రెండు వేల పైన గుర్రాల బలం,
నాదముని లాంటోళ్ల ట్రాక్టర్లు అయిదొందల పైచిలుకు
ఒకేసారి గేరు వేసినట్టు.

"అయితే అదే గొప్ప కదా మామా?"
"ముందు ఖాళీ బరువు అడుగు పాపా.
అది ఇరవై ఎనిమిది టన్నుల ఒళ్లు, ఇరవై మోస్తాది.
చినూక్ ఒళ్లు పదకొండు,
మోసేది కూడా ఇంచుమించు అంతే.
కాటా దానివి, నువ్వే చెప్పు."

నేను చెప్పలేదు.
తూకం వేసేవాళ్లు తీర్పు చెప్పకూడదు.

"ఈ ఎండలో అన్నీ తగ్గుతాయిలే.
వేడి గాలి పలచన, రెక్కకు పట్టు దొరకదు.
మంచు కొండల్లోనూ అంతే.
పుస్తకంలో పది ఉంటే చేతికి ఆరు."
తరుగు!
మండీలో పుట్టి పెరిగినదాన్ని,
ఆ మాట నాకెవరూ వివరించక్కర్లేదు.

మొన్న రేణిగుంట దిక్కు నుంచి ఒకటొచ్చింది.
గాజు గ్లాసులు గలగలమన్నాయి,
హమాలీలు బుట్టలు దించి మెడలెత్తారు.
మామ ఎత్తలేదు.
"చినూక్. ఖాళీగా పోతాంది."
"చూడకుండా ఎట్ల తెలిసె?"
"లోడుంటే రెక్క గాలిని నరకతాది.
ఇప్పుడు ఊరికే కోస్తాంది."

ఆ రాత్రి ఒక సందేహం నన్ను పట్టుకుంది.
అది నా పలకను తాకకుండా,
నాలుగు బారల పైన నిలబడిందనుకో,
అంకె వెలుగుతుందా?

పొద్దున అడిగితే మామ నవ్వాడు.
తర్వాత నవ్వు మానేశాడు.
"పలక సరిపడా పెద్దదైతే వెలుగుతాది.
దాని బరువంతా గాలి మీద,
గాలి బరువు నేల మీద.
నేల మోయకుండా ఆకాశంలో ఏదీ నిలవదు.
కింద నిలబడి కొక్కెం తగిలించేవాణ్ణి నేను.
ఆ గాలి ఇక్కడ పడేది."
మెడ వెనక చెయ్యి పెట్టుకున్నాడు,
చాలాసేపు తియ్యలేదు.

సాయంత్రం ఇంటికి పోతూ
అడ్డదారిన కాటా పలక మీద నడిచాడు.
అరవై, అని వెలిగింది.
నా కాటా పది కిలోల లోపు తేడా పట్టదు,
అరవై అంటే అరవై అని కాదు.
తెర మీద రెండో గడి మిణుకుమంటోంది:
ఖాళీ బరువు?

ఏమి కొట్టను?
వెనక నాదముని ట్రాక్టరు
ఆగకుండా హారన్ కొడుతోంది.