ముట్టినట్టు సంతకం

పోస్టాఫీసు మూసేశాక
రిజిస్టరు ఉత్తరాల పుస్తకం సొరఖ దగ్గరే ఉండిపోయింది.
సగానికి పైగా తెల్ల కాగితాలు,
పారేయడానికి చేతులు రాలేదు.
తేదీ, ఎక్కణ్ణుంచి, ఎవరికి, ముట్టినట్టు సంతకం:
గళ్ళు అలాగే ఉంచి
డొనెగల్ తీరానికి అవతల ఉన్న మా దీవి తరఫున
డబ్లిన్ సభకు వెళ్ళిన డర్మడ్ మగిన్లీని
అందులో ఎక్కించడం మొదలుపెట్టింది.

గాలి విసురు లేని రోజే మాకు ఇంటర్నెట్టు.
సభ ఉన్న సాయంత్రాలు
ఒడిలో సగం అల్లిన మేజోడుతో కూర్చునేది తెర ముందు.
అక్కడ ఔనంటే టా, కాదంటే నీల్.
రెండుసార్లు టా అంటే వీడ్కోలని మేం నవ్వుకుంటాం.
ఏ మాటా అనకుండా జారుకోవడానికీ
వాళ్ళకో మాటుంది: స్టీన్.

మార్చి పద్నాలుగు. ఆసుపత్రి హెలికాప్టరు ఖర్చు. టా.
మే రెండు. చేపల వాటా. నీల్.
పక్కన పెన్సిలుతో, "వేలు తడబడిందేమో."
జూన్ అంతా ఖాళీ.
ఆ నెల అతని గుర్రం పందెంలో రెండోది వచ్చిందట,
అదీ రాసింది.
అడిగిన ప్రశ్నలు పదకొండు.
తొమ్మిది, ఊరు పేరు మార్చిన ఒకే ప్రశ్న.
మా దీవి పేరు ఒక్కసారే, అదీ అక్షరం తప్పు.
సభ కార్యాలయానికి ఉత్తరం రాసి
ఆ అక్షరం సరిచేయించిందీమె.
మగిన్లీకి తెలీదు.

"లెక్క రాస్తే రేవు లోతవుతుందా?" అన్నాన్నేను ఓసారి.
"నలభై ఏళ్ళు ఉత్తరాలు పంచాను.
చింపి చదవడం నా పని కాదు.
చేరిందా లేదా, అంతే."

పేట్సీ పోయిన రాత్రి నాకు తెలుసు.
పోటు తీసి, రేవులో నీళ్ళు చాలక
ప్రాణాలు కాచే పడవ గంటన్నర బయటే ఊగింది.
టార్చిలైట్లు పట్టుకుని ఈ ఒడ్డున మేం.
పేటిక లేచిన రోజు మగిన్లీ వచ్చాడు,
ఆ కెరటాల్లో, దారంతా వాంతులు చేసుకుంటూ.
పొట్టివాడు. పేటిక ఒరిగిపోకుండా
మునివేళ్ళ మీద నడిచాడు కొండ పైదాకా.
దీవిలో ఎవరం మరిచిపోలేదది.
సొరఖ అసలే మరిచిపోలేదు:
"జనవరి తొమ్మిది. నా భర్తను మోశాడు."
కింది గీత మీద, అదే సిరా:
"జనవరి ఇరవై ఆరు. మా రేవు లోతు చేసే పద్దు. స్టీన్."

ఎన్నికలొచ్చాయి. ఆమె తలుపూ తట్టాడు.
పేట్సీ కుర్చీలోనే కూర్చోబెట్టి టీ పోసింది.
పుస్తకం తెచ్చి, దారం కట్టిన పెన్నుతో సహా
ముందు పెట్టింది.
"తప్పుంటే కొట్టెయ్.
లేదంటే ఆ చివరి గడిలో, వరసకొకటి."

వానకోటు విప్పలేదింకా.
చినుకులు సిరా మీద పడతాయని
భుజం వెనక్కి లాక్కున్నాడు.
జనవరి దాకా చకచకా పడ్డాయి సంతకాలు.
అక్కడ ఆగింది పెన్ను.

పిలవడానికెళ్ళి కిటికీలోంచి నేను చూసింది అంతే.
ఆఖరి పడవ ఆరింటికి.
నడిపేది నేనే.
ఆరుంబావు దాటినా
హారన్ కొట్టలేదు.