నలభై రెండు

కడుపు పెరుగుతాంటె
కొత్తవాడ ఆడోళ్లు నవ్విండ్రు:
యాభై రెండేండ్లకు నెల తప్పిందా, సుగుణక్కా!
నేనూ నవ్విన.
చీర కుచ్చిళ్లు రెండు తక్కువొచ్చినయి, గంతే.

చిటికెన వేలంత పేగుతోక.
ఉన్నదని గూడ ఎరుక లేదు నాకు.
అదే పగిలి, లోపలంత
గంజి లెక్క జిగురు నింపిందట.

"పది లక్షల్ల ఒక్కరికొస్తది" అన్నడు హన్మకొండ డాక్టరు.
ఓదేలు కాయితం మడిచి మళ్ల విప్పిండు:
"ఆ ఒక్కరు మా ఇంట్లనేనా, సారూ?"

పట్నంల పదకొండు గంటలు కోసిండ్రు.
చిక్కువడ్డ నూలు విప్పినట్టు
పొర పొర ఒలిచిండ్రట.
ఆఖరుకు మందు కలిపిన వేడినీళ్లు
కడుపుల పోసి
గంటన్నర అటిటు కదిలిచ్చిండ్రట.

మాట రాంగనే అడిగిన, ఎంత వేడి అని.
"నలభై రెండు."
ముప్పై ఏండ్లు జంపఖానల నూలుకు రంగేసిన చెయ్యి నాది.
గా వేడికి రంగు పట్టదు బిడ్డా, అంటే
నర్సు పిల్ల సెలైను దిక్కు చూసింది.

ఆర్నెల్లకోసారి స్కానింగు.
రేపొకటి ఉన్నది.

ఇయ్యాల పొద్దుగాల బాన కింద మంట పెట్టి
సల్లటి నీళ్లల్ల మోచెయ్యి ముంచి కూసున్న,
నలభై రెండు ఏడ ఉంటదో చూద్దామని.

ఓదేలు ఏందో పిలిచిండు.
ఇటు తిరిగి అటు చూసేసరికి
దాటిపోయింది.